సుల్తానా ఒక్కపొద్దు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పశువైద్యంలో పట్టా పుచ్చుకుని మొదటి పోస్టింగు కోసం ఎదురుచూస్తోంది. "మేడం, మీ సర్వీసుల నేర్చుకున్నది ఒక్క మాటల చెప్పున్రి" అని అడిగింది. ఒక్క మాటలో అయ్యేదైతే ముప్పై మూడేళ్ళ నాలుగు నెలలు పనిచేసి ఉండేదాన్ని కాదు. చాయ్ ఇచ్చి పంపించాను. ఆమె వెళ్ళాక అల్మారా మీది నుంచి డైరీలు దించాను. మొత్తం ముప్పై నాలుగు. ఒకదాన్ని ఎలుకలు కొట్టేశాయి. అది నేను ట్రెయినింగులలో కూర్చున్న ఏడాది డైరీ కాబట్టి నష్టం ఎలుకలకే.

ప్రమోషన్ల గురించి రాయను. అవి ఆలస్యంగా వస్తాయి, వచ్చాక మందుల వాసన పోయి ఫైళ్ళ వాసన వస్తుంది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. సన్మానం శాలువాల గురించి కూడా రాయను. తొమ్మిది వచ్చాయి, ఒక్కటీ చలికి ఆగదు. నేను రాయదలచినది ఒక పిల్లి గురించి. అది నా చేతిలో చనిపోయింది. చనిపోయినందుకు కాదు, చనిపోయిన తర్వాత నేను చేసిన దానికే ఇది రాస్తున్నాను.

నోరు లేని జీవం

"నోరు లేని జీవానికి సేవ చేస్తున్నారు" అని మమ్మల్ని సభలలో పొగుడుతారు. జీవానికి నోరు లేకపోవడం వల్ల నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. జ్వరం ఉంటే ఉందని దాని ఒళ్ళు చెబుతుంది. ఇబ్బందంతా పక్కన నిలబడ్డ మనిషి నోటితోనే.

ఆదిలాబాదు వైపు పనిచేసినప్పుడు ఒక బర్రె కడుపు ఉబ్బి కాళ్ళు బారజాపి పడుకుంది. ఏం తిన్నదని అడిగాను.

"గడ్డి మేడం. గడ్డి తప్ప ఇంకోటి ముట్టది" అన్నాడు యజమాని.

బర్రె ఊపిరిలో నెయ్యి వాసన వస్తోంది. మూతికి పసుపు అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. వెనక ఇంట్లో పెళ్ళి పందిరి ఇంకా విప్పలేదు. అప్పటి నుంచి చివరి పోస్టింగు దాకా నా దగ్గరే పనిచేసిన అటెండరు పోశం నా వెనక నిలబడి, "బర్రెకు గూడ పత్రిక ఇచ్చిండ్రు కావచ్చు మేడం" అన్నాడు. అప్పుడు యజమాని నవ్వి, రెండు గంపల మిగిలిన అన్నం పోశానని ఒప్పుకున్నాడు. "అన్నం లక్ష్మి గదా మేడం. పారపోస్తమా?"

ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. అన్నాన్ని అతను మేత కింద లెక్క కట్టలేదు, అంతే. కొత్తగా చేరేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి. మనం అడిగే ప్రశ్న మన పుస్తకంలోది. వాళ్ళు చెప్పే జవాబు వాళ్ళ ఇంటిలోది. బర్రె రెండింటి మధ్య పడుకుని ఉంటుంది.

ఈ సంగతి నాకు సర్వీసులో నాలుగో ఏటనే తెలుసు. డైరీలో రాసి, కింద గీత కూడా గీశాను. గీత గీసినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు.

పెద్ద డాక్టరు గారి మూడు మాటలు

నా మొదటి ఆఫీసరు మంచి వైద్యుడు. ఆయన చేతిలో దూడలు అడ్డం తిరిగినా బతికి బయటపడేవి. కానీ ఆయన నాకు శ్రద్ధగా నేర్పిన విద్య వేరు. నేను చేరిన రెండో నెలలో ఒక ఎద్దు చనిపోయింది. రైతుకు ఏం చెప్పాలో తెలియక నేను నిలబడిపోతే ఆయన పక్కకు పిలిచాడు.

"చూడమ్మా శాంతా. పశువు చచ్చిపోతే చెప్పడానికి మనకు మూడు మాటలు ఉన్నయ్. ఆలస్యంగ తెచ్చిండ్రు. మందు పడలే. దేవుని నిర్ణయం. మొదటిది మొగోళ్ళకు చెప్పు, రెండోది ఆడోళ్ళకు చెప్పు, మూడోది సర్పంచుకు చెప్పు."

"ఏమైందో చెప్తే ఏంది సార్?"

"చెప్తే ఇంకో ప్రశ్న అడుగుతరు" అన్నాడాయన.

మా వృత్తిలో ఇంతకంటె ఎక్కువ కాలం పనికొచ్చిన పాఠం మరొకటి లేదు. ముఖ్యంగా "మందు పడలే" అన్న మాట. అందులో మందు తప్పు లేదు, డాక్టరు తప్పు లేదు. తప్పంతా చచ్చిపోయిన జీవానిదే. దాని ఒంటికే సరిపడలేదు. అది లేచి వచ్చి కాదని చెప్పదు. నేను ఈ మాటను నా సర్వీసులో పదకొండుసార్లు వాడాను. పదిసార్లు నిజంగానే వేరే కారణం తెలియక వాడాను. పదకొండోసారి తెలిసే వాడాను.

సుల్తానా రావడం

ఏ ఊరో రాయను. చెన్నూరు నుంచి బస్సులో యాభై నిమిషాలు. పేరు రాస్తే ఇప్పుడు అక్కడున్న డాక్టరుకు ఫోన్లు వెళతాయి. ఆ డాక్టరుకు ఇప్పటికే చాలినన్ని వస్తాయి. తేదీ డైరీలో ఉంది, అదీ రాయను. నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు, వానాకాలంలో, ఒక మంగళవారం సాయంత్రం అనుకోండి.

రజిత అనే పిల్ల వచ్చింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు ఏళ్ళుంటాయి. ఇంట్లో బీడీలు చేస్తుంది. భర్త మల్లేశ్ దుబాయిలో ఉంటాడు. నాలుగేళ్ళ కూతురుంది. కూరగాయల బుట్టలో పిల్లిని పెట్టి, పైన తువ్వాల కట్టి తెచ్చింది. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, ఒక చెవి కొస చిరిగి ఉంది.

"పేరేంది?" అన్నాను.

"సుల్తానా. మా ఆయన పెట్టిండు. పోయిన సుట్టీల వచ్చినప్పుడు వానల మోరి పక్కపొంటి దొరికింది. అంగి జేబుల పెట్టుకొని తెచ్చిండు. నాకు చీర తేలే గని దీన్ని తెచ్చిండు."

"ఇప్పుడేం కావాలె?"

"పిల్లలు కాకుంట చేస్తరట గదా మేడం? పోయినసారి ఐదు పెట్టింది. వాడకట్టంత తిరిగి పంచిన. పది రోజులల్ల ఆయన వస్తుండు. ఆయన ఉన్నప్పుడు పెట్టిందనుకో, ఒక్కదాన్ని గూడ ఇయ్యనియ్యడు. అన్నిటిని సాదుకుందం అంటడు. ఆయన దుబాయిల కూసోని సాదుతడు, నేనీడ పెంట ఎత్తుత."

"వీసా తీసి దుబాయికి పంపియ్యరాదు?" అన్నాడు పోశం.

"ఆపరేషన్ అని ఆయనకు చెప్పినవా?" అని నేను అడిగాను.

"చెప్తే వద్దంటడు మేడం. అయినంక చెప్త."

అది వాళ్ళింటి సంగతి అనుకున్నాను. మరునాడు పది గంటలకు తెమ్మన్నాను. మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. అందుకని, "రాత్రి తొమ్మిది దాటినంక ఏం పెట్టద్దు. ఉపాసం ఉంచాలె" అని చెప్పాను.

"ఒక్కపొద్దు లెక్కనా మేడం?"

"అట్లనే అనుకో" అన్నాను.

ఆ జవాబు నేను నవ్వుతూ ఇచ్చాను. జనం భాషలో మాట్లాడుతున్నానని నాకు నేనే కొంచెం సంతోషపడ్డాను కూడా.

మా బాపు మెథడిస్టు సంఘంలో సువార్తికుడు. మా ఇంట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన అంటే సాయంత్రం ఆమెన్ అనేదాకా మంచినీళ్ళు కూడా లేవు. చిన్నపిల్లలం ఉమ్మి మింగుతూ కూర్చునేవాళ్ళం. ఒక్కపొద్దు వేరు. అందులో మెతుకు ముట్టకూడదు, కానీ పాలు తాగవచ్చు, పండు తినవచ్చు. ఇది నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు. ఒక శివరాత్రి నాడు పోశం ఒక్కపొద్దు ఉండి ఆసుపత్రిలో తిన్నవన్నీ నేను సరదాకు డైరీలో రాశాను. పాలు రెండుసార్లు, చాయ్ మూడుసార్లు, అరటిపండ్లు నాలుగు, ఉడికించిన కందగడ్డ, ఖర్జూరాలు, మహారాష్ట్ర నుంచి వచ్చిన కోడలు చేసిన సాబుదానా కిచిడీ ఒక డబ్బా. "ఉపాసం ఉంటే నీరసం కదా పోశం" అంటే, "ఔ మేడం, జర కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. అంతా తెలిసి "అట్లనే అనుకో" అన్నాను.

బుధవారం

పదికి ఐదు నిమిషాలు ఉండగా రజిత వచ్చింది. "ఏమన్న తిన్నదా?" అని అడిగాను. "లే మేడం. మెతుకు ముట్టలే" అంది. నేను తల ఊపాను.

మా ఆసుపత్రిలో ఎద్దు బరువు కట్టడానికి కొలత టేపు ఉంది, మేకను వేలాడదీసే కొక్కెం కాటా ఉంది. పిల్లికి ఏదీ లేదు. అందుకని మా వంటింటి కాటా తెచ్చాను. పిల్లిని బుట్టతో జోకాను, ఖాళీ బుట్టను జోకాను, తీసివేశాను. మూడుసార్లు చేశాను. రెండు కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు. "బంగారం జోకినట్టు జోకుతున్నరు మేడం" అన్నాడు పోశం. మందు ఎంతో కాగితం మీద రెండు దశాంశాల వరకు లెక్క కట్టి, మళ్ళీ కింది నుంచి పైకి సరిచూశాను. దీనంతటికీ పన్నెండు నిమిషాలు పట్టింది. పాలు తాగిందా అని అడగడానికి రెండు సెకన్లు పడుతుంది.

పది గంటల పది నిమిషాలకు సూది వేశాను. అందులో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి పిల్లులకు వాంతి తెప్పిస్తుంది. అది దాని గుణం, అందరికీ తెలిసిందే. కడుపు ఖాళీగా ఉంటే కాస్త నురగ వస్తుంది, తుడిచేస్తాం. సుల్తానాకు నాలుగు నిమిషాలకు వాంతి వచ్చింది. తెల్లగా, విరిగిన పాలు. అప్పటికే మత్తు ఎక్కుతోంది. మింగే శక్తి పోయింది, పీల్చే శక్తి ఉంది. పాలు ఊపిరిలోకి వెళ్ళాయి.

తల కిందికి వంచి పట్టుకున్నాను. పోశం నోటిలో దూది పెట్టి తుడిచాడు. సన్నటి గొట్టం వేసి సిరంజితో లాగాను. చిగుళ్ళు గులాబీ రంగు నుంచి నీలానికి మారాయి. ఆక్సిజన్ ఉంది. దానికి అమర్చే మాస్కు దూడ మూతికి చేసింది. అందులో సుల్తానా మొత్తం పడుతుంది. మంచినీళ్ళ సీసా కోసి మూతికి పెట్టాం. పది ముప్పై ఒకటికి గుండె ఆగింది. పది యాభై దాకా రెండు వేళ్ళతో నొక్కుతూనే ఉన్నాను. కత్తి పెట్టనే లేదు. పొట్ట మీద బొచ్చు కూడా ఇంకా గీయలేదు.

రజిత బయట వరండాలో ఖాళీ బుట్ట ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆ మాట చెప్పాను.

"మందు పడలే బిడ్డా."

ఆమె బుట్టలోని తువ్వాలను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. తర్వాత అడిగింది.

"నేనేమన్న తప్పు చేసిన్నా మేడం?"

"లేదు."

"ఒక్కపొద్దు మంచిగనే ఉంచిన మేడం. జరన్ని పాలు తప్ప ఏం పొయ్యలే."

"మంచిగనే ఉంచినవ్" అన్నాను.

ఈ రెండు జవాబులూ దయతో ఇచ్చినవని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి, పాల వల్లే పోయిందని చెబితే, "పాలు పొయ్యద్దని మీరు చెప్పలే గదా" అని ఆమె అనవచ్చు. పెద్ద డాక్టరు గారు చెప్పినట్టు, ఇంకో ప్రశ్న వస్తుంది.

రజిత లేచి నిలబడి, "ఆయనకు చచ్చిపోయిందని చెప్పకున్రి మేడం. పారిపోయిందని చెప్త. పారిపోతే మల్ల వస్తదని ఆశ ఉంటది" అంది. నేను సరేనన్నాను. పోశం ఆసుపత్రి వెనక, పశువులను నిలబెట్టే ఇనుప చట్రం అవతల, మూడు అడుగుల గొయ్యి తవ్వాడు. మూడు అడుగులు ఉందో లేదో నేను టేపు పెట్టి కొలిచాను. కొలవడంలో నేనెప్పుడూ లోటు చేయలేదు.

ఇతరములు

నెలాఖరుకు లెక్కలు పంపితే పైఆఫీసరు ఫోను చేశాడు.

"ఏమ్మా, రిజిస్టర్ల పిల్లి ఉన్నది?"

"ఉన్నది సార్. ఆపరేషన్‌కు ముందే చనిపోయింది."

"పిల్లికి మన రిజిస్టర్ల కాలమ్ లేదు గదా. ఆవు, బర్రె, గొర్రె, మేక, పంది, కుక్క, కోడి. పిల్లిని ఎందుకు ముట్టుకున్నవ్? పాలిస్తదా, దున్నుతదా?"

"ఇతరములు అని ఒక కాలమ్ ఉన్నది సార్."

"ఇతరములు అంటే ఒంటె, గాడిద. సరే, కారణమేం రాసినవ్?"

"మందు పడలేదు."

"బాగున్నది" అన్నాడు. "ఫికర్ చెయ్యకు. కాలమ్ లేనిదానికి ఎంక్వైరీ ఎట్లయితది?"

చాలామంది ఆఫీసర్ల కింద పనిచేశాను. ఇంత సులువుగా నన్ను క్షమించినవాడు లేడు. ప్రభుత్వం దృష్టిలో సుల్తానా పుట్టనూ లేదు, చావనూ లేదు. పుట్టనిదాన్ని చంపినందుకు ఎవరూ అడగరు.

ముప్పై రోజుల సుట్టీ

మల్లేశ్ వచ్చాడు. ముప్పై రోజుల సుట్టీ. ఈ కబురు నాకు పోశం తెచ్చాడు.

"మేడం, దుబాయి ఆయన పొద్దుమూకితే స్టీలు గిన్నె పట్టుకొని చెంచతోని కొట్టుకుంట తిరుగుతుండు. ఆ సప్పుడుకు దాన్ని పాలకు పిలిచెటోడట. మా వాడకట్టు పిల్లులన్ని గాయన ఎన్కనే లైను కట్టినయ్. గాయన పిల్లి తప్ప."

నేను నవ్వలేదు. "నువ్వేమన్న అన్నవా?" అని అడిగాను.

"నేనేమంట? గొయ్యి తవ్వినోనికి నోరుంటదా?"

తొమ్మిదో రోజు మల్లేశ్ ఆసుపత్రికి వచ్చాడు. సన్నగా, ఎండకు కమిలిన మనిషి. చేతిలో ఫోను, అందులో సుల్తానా ఫొటో. దెబ్బ తగిలిన పిల్లిని ఎవరైనా తెచ్చారా అని అడిగాడు. తేలేదన్నాను. అది నిజం. దెబ్బ తగిలిన పిల్లిని ఎవరూ తేలేదు.

"మేడం, పిల్లి ఇంటికాన్నుంచి ఎంత దూరం పోతది?"

ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం నా అలవాటు. "ఇంటి పిల్లి మామూలుగా రెండు మూడు వందల గజాలు దాటది. బెదిరితే ఎక్కడన్న సందుల నక్కి ఉంటది. ఆకలైనా తొందరగ బయటికి రాదు" అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను ఫోనులో రాసుకున్నాడు.

రెండు రోజులకు మళ్ళీ వచ్చాడు. చేతుల మీద గీరుకుపోయిన గాట్లు ఉన్నాయి. "మూడు వందల గజాలు చుట్టు మొత్తం చూసిన మేడం. రెండుసార్లు. మోరీలల్ల, రైసు మిల్లు ఎన్క, పాత ఇండ్లల్ల. జర చెప్పున్రి, ఐదు వందల గజాలు చూడాల్నా?"

నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అతన్ని మురుగు మోరీలలోకి దింపింది. ఆ మాట ఎంత సరిగ్గా చెప్పానో అతను అంత సరిగ్గా వెతికాడు.

ఆ సాయంత్రమే రజిత వచ్చింది. మనిషి సగమైంది.

"మేడం, నేను సచ్చిపోయెటట్టున్న. బిడ్డకు బాసరల అక్షరాభ్యాసం చేపిద్దమని రెండేండ్ల నుంచి అనుకుంటున్నం. పలక గూడ కొన్న. పిల్లి దొరికినంక పోదమంటడు. బిడ్డ దగ్గరికొస్తే, ఆగు బిడ్డా, సుల్తానాను తోల్కొస్త అని బయటికి పోతడు. పొద్దంత గిన్నె కొట్టుడే. ఇంకో ఇరవై రోజులైతే మల్ల రెండేండ్ల దాక రాడు."

"పంతొమ్మిది" అన్నాను. అలవాటు.

"మీరే ఏదన్న చెప్పున్రి. నక్క ఎత్కపోయిందని చెప్పున్రి. డాక్టరమ్మ చెప్తే నమ్ముతడు."

చూడండి, అబద్ధం ఎలా పెరుగుతుందో. మొదటిది రెండు మాటలు: మందు పడలే. దాన్ని మోయడానికి పారిపోవడం కావలసి వచ్చింది. పారిపోవడాన్ని మోయడానికి ఇప్పుడు నక్క కావాలి. నక్క వచ్చాక దాని అడుగుజాడలు కూడా చూపించమని అతను అడుగుతాడు. అడిగితే నేను నక్క అడుగుల మధ్య దూరం అంగుళాలతో సహా చెప్పగలను. అది తలుచుకుంటే నాకు భయం వేసింది.

"రేపు పొద్దున ఇద్దరు కలిసి రాండ్రి" అన్నాను. "నక్క సంగతి కాదు. నిజం చెప్త. తప్పు నాది."

"మీదేం తప్పు మేడం? మందు పడలే గదా" అంది రజిత.

ఆమె నా మాటను నా కంటె ఎక్కువగా నమ్మింది.

పన్నెండో రోజు

వచ్చారు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మల్లేశ్ చేతిలో ఆ స్టీలు గిన్నె ఉంది. దారిలో కూడా కొట్టుకుంటూ వచ్చి ఉంటాడు. నేను నిలబడే చెప్పాను. ఆపరేషన్‌కు తెచ్చారని, మత్తు సూది ఇచ్చానని, వాంతి అయిందని, ఊపిరి ఆగిందని, అంతా గంటలు నిమిషాలతో చెప్పాను.

"మందు పడలే అని రజితకు చెప్పిన. అది అబద్ధం. మందు పడ్డది. దాని కడుపుల పాలున్నయ్. పాలు గూడ పొయ్యద్దని నేను చెప్పలే. పొద్దున పాలు తాగిందా అని అడుగలే. ఒక్కపొద్దుల పాలు తాగుతరని నాకు తెలుసు. తెలిసి అడుగలే."

రజిత నా వైపు చూసింది. ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. అప్పుడు మల్లేశ్ వైపు తిరిగింది, వెంటనే తల దించుకుంది. అతను తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఎన్ని గంటలకు సూది ఇచ్చిండ్రు మేడం?"

"పది గంటల పది నిమిషాలకు."

అతను లెక్క వేసుకున్నాడు. "ఈడ ఏడున్నర అంటే నాకాడ ఆరు. క్యాంపు బస్సు వచ్చే ముందల రోజు వీడియో కాల్ చేస్త. సుల్తానా పాలు తాగుడు చూసినంకనే బస్సు ఎక్కుత." చేతిలోని గిన్నెను ఒడిలో పెట్టుకున్నాడు. "ఆ రోజు గూడ చూసిన మేడం. సగం తాగి మూతి తిప్పుకున్నది. ఇంకింత పొయ్యి, తాగుతది అన్న. ఈమె పోసింది."

"పొయ్యకుంటె ఎందుకు పొయ్యలే అని అడుగుతవని పోసిన" అంది రజిత తల ఎత్తకుండానే. "ఆపరేషన్ అని నీకు తెల్వదు గదా. పాలకు ఒక్కపొద్దు పోదు గదా అనుకున్న."

ఏడున్నర నుంచి పది పది వరకు రెండు గంటల నలభై నిమిషాలు. నేను అడిగి ఉంటే ఆ రోజు పని వాయిదా పడేది. గురువారం చేసేదాన్ని.

"నొప్పి తెలిసిందా దానికి?" అన్నాడు.

"మొదట ఒకటి రెండు నిమిషాలు తెలిసి ఉంటది. తరువాత తెలిసి ఉండది" అన్నాను. తెలియలేదని చెప్పడం తేలిక. ఆ తేలిక మాటలతోనే ఇంత దూరం వచ్చాం.

"ఏడ ఉన్నది?"

పోశం తీసుకెళ్ళాడు. మల్లేశ్ గొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. గిన్నె పక్కన పెట్టాడు, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"సూది సంగతి వేరే మేడం. అయితది, మీరు కావాలని చెయ్యలే. గని గీ మాట నేను దిగిన నాడే చెప్తే, ఈ పన్నెండు రోజులు నా బిడ్డతోని ఉందును గదా."

ముప్పైలోంచి పన్నెండు పోతే పద్దెనిమిది. నేను జీవితమంతా లెక్కలు రాసిన దాన్ని. ఈ తీసివేత నేను చేయలేదు, అతను చేసి చూపించాడు. పెద్ద డాక్టరు గారి మూడు మాటలలో దీనికి ఏ మాటా సరిపోలేదు. "నిజమే" అన్నాను.

వాళ్ళు ఆ వారమే బాసర వెళ్ళి వచ్చారు. రజిత ప్రసాదం తెచ్చి పోశానికి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. ఇవ్వాలని నేను అనుకోలేదు కూడా.

రిజిస్టరులో "మందు పడలేదు" కొట్టేసి, "కడుపులో పాలు ఉన్నవి. డాక్టరు అడగలేదు" అని రాసి సంతకం చేశాను. పైఆఫీసరు మళ్ళీ ఫోను చేశాడు. "కొట్టివేతలు ఉండొద్దమ్మా రిజిస్టర్ల" అన్నాడు. రాసినది ఏమిటో చదవలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు

ఆ అమ్మాయికి చాయ్ ఇచ్చినప్పుడు ఇది చెప్పవలసింది. ఉపవాసం అని చెప్పకండి, ఒక్కపొద్దు అని అసలే అనకండి. పాలు వద్దు, నీళ్ళు వద్దు, చాయ్ వద్దు, ప్రసాదం వద్దు అని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పండి. మరునాడు మళ్ళీ ఒక్కొక్కటే అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ప్రాణం పోతే ఎందుకు పోయిందో ఆ రోజే చెప్పండి. తిడతారు, ఒక గంట తిడతారు. ఆ గంట దాటవేద్దామని నేను ఒక మనిషి సుట్టీలోంచి పన్నెండు రోజులు తీసుకున్నాను.

తర్వాతి నాలుగేళ్ళలో ఏ జీవానికి మత్తు సూది ఇవ్వవలసి వచ్చినా, కుక్కయినా, మేకయినా, చివరికి ఎద్దయినా, నేను ఆఖరున ఒక ప్రశ్న అడిగేదాన్ని. "పొద్దున దీన్ని ఫోన్ల ఎవరికన్న చూపించిండ్రా?"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. ముసలి డాక్టరమ్మకు మతి తప్పిందనుకునేవాళ్ళు. పోశం మాత్రం నవ్వేవాడు కాదు. సిరంజి చేతిలో పట్టుకుని, జవాబు వచ్చేదాకా నాకు ఇచ్చేవాడు కాదు.